ఏతం మేస్త్రీ మోకాలు

ఆనంద నామ సంవత్సరం మాఘ మాసంలో నన్ను కొత్తపేట దగ్గర కాలవ పనుల వైద్యశాలకు రెండో తరగతి డ్రెస్సరుగా వేశారు. గోదావరికి ఆనకట్ట పూర్తయి అప్పటికి కొద్ది ఏళ్లే. ఆ నీటిని కోనసీమలోకి తెచ్చే కాలవలు తవ్వుతున్నారు; మా మకాం వరకు నీరు అప్పటికే వదిలారు. పడవలు ఒక మట్టం నుంచి మరో మట్టానికి దిగడానికి మా మకాం పక్కనే ఒక లాకు కట్టాలని నిర్ణయించారు. వైద్యశాల అంటే తాటాకు పాక, నాలుగు మంచాలు, ఒక మందుల పెట్టె.

డ్రెస్సరు అంటే కట్లు కట్టేవాడని అర్థం. నిజానికి దెబ్బలూ జ్వరాలూ విరేచనాలూ అన్నీ మేమే చూసేవాళ్లం. మా పైన అపోతికరీ అనే సర్కారు వైద్యుడు, ఆయన పైన జిల్లా సర్జను దొర. అపోతికరీగారు రాజమహేంద్రవరం నుంచి రెండు మూడు నెలలకు ఒకసారి పడవలో వచ్చి రోగుల రిజిస్టరు తనిఖీ చేసేవారు. ఆయన రాసిన ఉత్తర్వును డ్రెస్సరు మార్చకూడదు. సందేహం వస్తే కాగితం రాసి జవాబు కోసం ఆగాలి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. చెన్నపట్నంలో నేర్చుకున్నదంతా కంఠస్థంగా ఉండేది.

లాకు కట్టాలంటే ముందు పెద్ద గొయ్యి తవ్వాలి. ఆ నేలలో నడుము లోతు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. పొద్దంతా తోడుతూ ఉంటేనే కూలీలు తవ్వగలరు, తాపీవాళ్లు పునాది వేయగలరు. అందుకని గోతి గట్టున ఆరు ఏతాలు నిలిపారు. ఏతం చూడనివారి కోసం చెబుతాను. గుంజ మీద అడ్డంగా ఆనించిన పొడవాటి మాను అది. దాని ఒక చివర గెడకు కట్టిన బాన వేలాడుతుంది. మనిషి మాను మీద అటు నడిస్తే బాన నీళ్లలో మునుగుతుంది, ఇటు నడిస్తే పైకి లేస్తుంది. పట్టుకోవడానికి పక్కన ఒక వెదురు ఉంటుంది, అంతే. కింద ఇంకొకడు బానను ముంచి, పైకొచ్చాక ఒంపుతాడు. తొక్కేవాడి అడుగూ కిందివాడి చెయ్యీ కలవాలి. కలపడానికి పాట కావాలి.

ఆ పాట సూరన్నది. జొన్నాడ మనిషి, ఏతం మేస్త్రీ. తన వయసు తనకు తెలియదు. నా అంచనాకు అరవైకి కాస్త అటో ఇటో. నెరిసిన మీసం, సన్నటి ఒళ్లు, గోతి అవతలి గట్టుకు కూడా వినిపించే గొంతు. బానలు లెక్కపెడుతూ ఎప్పటికప్పుడు మాటలు కట్టి పాడేవాడు. ఆయన భార్య మంగమ్మ అదే గోతిలో మట్టి తట్టలు మోసేది. పాట ఎక్కువగా ఆమె మీదే.

"పదకొండూ, పప్పు వండిందీ మంగా! పన్నెండూ, ఉప్పు మరిచిందీ మంగా!"

గోతిలోంచి మంగమ్మ, "ఉప్పు నీ నోట్లో పోస్తాను మావా, రా కిందికి!" అని అరిచేది. మూడు వందల మంది నవ్వేవారు. ఆ నవ్వుతోనే మరో నూరు బానలు లేచేవి.

ఫాల్గుణంలో ఒక ఉదయం మాను మీద వెనుదిరగబోతూ సూరన్న కుడి మోకాలు మెలిపడింది. చాలాకాలంగా అందులో నొప్పి ఉందనీ, ఎవరికీ చెప్పలేదనీ తరువాత తెలిసింది. సాయంత్రానికి మోకాలు బాగా వాచి, చెయ్యి పెడితే కాలుతోంది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. నేను జలగలు పట్టించాను, కాపడం పెట్టించాను, కాలు వెనుక చెక్కబద్ద పెట్టి ఫలానెలు ఉన్నిగుడ్డతో కట్టు కట్టాను. వారం రోజులకు అపోతికరీగారు తనిఖీకి వచ్చి, మోకాలు చూసి, రిజిస్టరులో స్వహస్తాలతో రాశారు: "మోకాలు కదపరాదు. మరల ఉత్తర్వు వచ్చువరకు పూర్తి విశ్రాంతి." పడవెక్కి వెళ్లిపోయారు.

ఆ ఉత్తర్వును నేను అక్షరాలా పాటించాను. వాపు ఎంత తగ్గిందో చూడటానికి మోకాలి చుట్టూ పురికొస పెట్టి, కొలత దగ్గర ముడి వేయడం మాకు నేర్పారు. మూడో వారానికి వాపు ముడి ఎడమ మోకాలి ముడితో సమానమైంది. నాకు గర్వంగానే ఉంది.

గోతి దగ్గర మాత్రం వ్యవహారం బాగాలేదు. సూరన్న బదులు నిలిపిన మనిషి పాట మరీ హడావిడిగా పాడేవాడు. బాన ఒంపకముందే తొక్కేవాడు వెనుదిరిగేవాడు, కిందివాడు తల మీద నుంచి తడిసేవాడు. ఒకరోజు రెండు బానలు ఢీకొని పగిలిపోయాయి. గొయ్యి లోతయ్యేకొద్దీ నీరు ఎక్కువ ఊరుతోంది. ఆషాఢంలో వరద వచ్చేలోగా పునాది పైకి రాకపోతే ఆ ఏటి పని మొత్తం నీళ్లపాలే. కాలవ పని చూసే ఓవర్సీరుగారు స్వయంగా పాకకు వచ్చి, వైశాఖం వెళ్లేలోపు సూరన్న మాను ఎక్కకపోతే జట్టు నుంచి పేరు తీసేసి, గోదావరి అవతల నుంచి వేరే మేస్త్రీని రప్పిస్తానని చెప్పారు. సూరన్న ఆ మాట మంచం మీద నుంచి విన్నాడు.

ఉగాది వెళ్లిన నాలుగో రోజున మంగమ్మ నా దగ్గరికి వచ్చింది.

"డ్రెస్సరుబాబుగారూ, ఒక్క మాటండి. మా ఆయన కాలు బాగవుతోందా, పాడవుతోందా అండి?"

"వాపు పోయింది కదమ్మా" అన్నాను.

"పోయిందండి. దాంతోపాటు కాలూ పోతోందండి. మంచం మీంచి లేవాలంటే నా భుజం కావాలండి. మొన్న నేను పనిలో ఉండగా కట్టు విప్పుకుని, కాలవలో మొలలోతు నీళ్లలో అటూ ఇటూ నడిచేడంటండి. ఆ పూట తిన్నగా నడిచొచ్చేడు. తమరు కోప్పడతారని నోరు మెదపలేదండి."

నాకు కోపమే వచ్చింది. కట్టు విప్పాను. చేతి వెనుక భాగం ఆనించి చూస్తే రెండు మోకాళ్లూ ఒకే చల్లదనంతో ఉన్నాయి. వాపు లేదు. అప్పుడు తొడలు కొలవాలని తోచింది. అది అంతవరకు నేను చేయని పని. కుడి తొడ ఎడమ దానికంటే రెండు వేళ్ల మందం తగ్గింది. మోకాలిని మోసే కండ అది. ఆ కండ లేకుండా మాను మీద ఒక్క అడుగు కూడా పడదు. వాపు ముడి ఒక్కటే చూస్తూ, నేను కాలు సన్నబడటం చూడలేదు.

సూరన్నను అడిగాను. "నీకెలా ఉంది? నిజం చెప్పు."

"పడుకుంటే ఈ కాలు నాది కాదనిపిస్తోందండి" అన్నాడు. "నడిస్తే నొప్పి ఉందండి. కాలు మాత్రం నాదే అనిపిస్తోంది."

అపోతికరీగారికి కాగితం రాసి టపాలో పంపాను. పది రోజులు ఆగాను, జవాబు రాలేదు. ఆయన ఏ మకాంలో ఉన్నారో కూడా తెలియదు. ఉత్తర్వు మీరితే నా కొలువుకు మచ్చ. మీరకపోతే సూరన్న జట్టు పోతుంది, బహుశా కాలు కూడా. పదకొండో రోజున, కాలు కదిలించడం మొదలుపెట్టిస్తున్నానని, అది నా నిర్ణయమేనని రిజిస్టరులో రాసి సంతకం చేశాను.

మొదటి వారం మంచం అంచున కూర్చుని కాలు చాపడం, ముడవడం. తరువాత మంగమ్మ చెప్పిన కాలవే. నీళ్లలో ఒంటి బరువు తేలికవుతుంది, మోకాలి మీద భారం పడదు. పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట, మొలలోతులో అటూ ఇటూ నడక. ఆ పైన గట్టుకు చెక్కిన పన్నెండు మట్టి మెట్లు. రోజుకు మూడుసార్లు ఎక్కి దిగమన్నాను.

మెట్లు మొదలుపెట్టిన మూడో రోజు నేను వేరే రోగిని చూస్తున్నాను. బయట పాట వినిపించింది. సూరన్న మెట్లెక్కుతూ పాడుతున్నాడు, గోతిలోని జనమంతా లెక్క అందుకున్నారు. నేను బయటికి వచ్చేసరికి లెక్క ఇరవై దాటింది. ఆ లెక్క మెట్లది కాదు, గట్టు మొత్తం ఇరవైసార్లకు పైగా ఎక్కి దిగాడు! ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆపమని అరిచాను.

మర్నాడు పొద్దున్నే చూస్తే మోకాలు వెచ్చగా, కాస్త ఉబ్బి ఉంది. బద్ద మళ్లీ బయటికి తీశాను. సూరన్న కాలు చాపాడు. కట్టేముందు మంగమ్మ అడ్డం వచ్చింది.

"బాబుగారూ, బిడ్డ ఎక్కువ తిని కక్కుకుంటే మర్నాటి నుంచి అన్నం మానేయమంటారా అండి? తక్కువ పెట్టమంటారా?"

"తక్కువ పెట్టమంటాను" అన్నాను.

"ఆయ్. అదేనండి."

బద్దను పెట్టెలో పెట్టేశాను. రెండు రోజులు పడుకోబెట్టి, కాపడం పెట్టించి, వేడి దిగాక రోజుకు ఒక్కసారి మెట్లతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక నియమం పెట్టుకున్నాం. నడిచాక వచ్చిన నొప్పి రాత్రి నిద్రతో పోతే మర్నాడు ఒక విడత ఎక్కువ. పొద్దున్నకీ మిగిలితే సగం. వేడి కనిపిస్తే ఆ రోజు మంచమే. లెక్క మంగమ్మ చూసింది, ఆయన చేతికి ఇవ్వలేదు. మొగుడు ఒక్క మెట్టు అదనంగా ఎక్కినా ఆమెకు తెలిసేది. పాడటం మాత్రం మానిపించలేకపోయింది.

"ఏడో మెట్టూ, ఏలుతోందీ మంగా! ఎనిమిదో మెట్టూ, ఎక్కనీదూ మంగా!"

వైశాఖం వెళ్లడానికి ఇంకా ఆరు రోజులుందనగా సూరన్న మాను ఎక్కాడు. వెదురును రెండు చేతులా పట్టుకుని మొదటి అడుగు వేశాడు. గోతిలో పారలన్నీ ఆగిపోయాయి. మంగమ్మ తట్ట నెత్తిన పెట్టుకునే నిలబడింది. బాన మునిగింది, లేచింది, ఒలికింది. సూరన్న ఒక చెయ్యి వదిలి మీసం దువ్వాడు. లేచిన కేకలకు మా పాకలో జ్వరంతో పడుకున్నవాళ్లు కూడా బయటికి వచ్చారు. ఓవర్సీరుగారు గొడుగు కింద నుంచి చప్పట్లు కొట్టడం నేను చూశాను. తరువాత అడిగితే దోమ కుట్టిందన్నారు.

ఆ రోజు ఇరవై బానలకే దింపేశాను. వారానికి నూరు అయింది. వెనకటిలా పొద్దంతా తొక్కడం మళ్లీ ఎన్నడూ కుదరలేదు, కుదరదని ఆయనకూ చెప్పాను. ఉదయం ఒక విడత తొక్కి, మిగతా పొద్దు గట్టున అటూ ఇటూ నడుస్తూ ఆరు ఏతాలకూ పాట అందించేవాడు. మేస్త్రీగిరీ నిలిచింది, జట్టు నిలిచింది.

జ్యేష్ఠంలో అపోతికరీగారు వచ్చారు. రిజిస్టరు చదివి, నన్ను కూర్చోమనకుండా, రోగిని పిలిపించమన్నారు. సూరన్న గట్టు మీద నుంచి నడుచుకుంటూనే వచ్చాడు. అపోతికరీగారు మోకాలు నొక్కి చూశారు, గొంతుక్కూర్చోమన్నారు, లేవమన్నారు. సూరన్న చేతులు నేలకు ఆనించకుండా లేచాడు. ఎవరు చెయ్యమన్నారని అడిగారు. నేనేనని, ముందు కాగితం రాశానని చెప్పాను. ఆ కాగితం తనకు చేరలేదన్నారు. నా సంతకం కింద ఎర్ర సిరాతో మూడు ముక్కలు రాశారు: "ఉత్తర్వు పాటింపబడలేదు. ఫలితము బాగున్నది. ఇది అలవాటు కారాదు." నా ఉద్యోగంలో పై అధికారి నుంచి వచ్చిన మొదటి మెప్పు అది. ఇప్పటికీ అలాగే లెక్కవేసుకుంటాను.

ఆ తరువాత పదిరోజులకు గోతి అడుగు నీరు లేకుండా కనిపించింది. తాపీమేస్త్రీ మొదటి రాయి దింపించాడు. కూలీలు సూరన్ననూ మంగమ్మనూ గోతి నడుమ నిలబెట్టి చుట్టూ చేతులు పట్టుకుని ఆడారు. మంగమ్మ సిగ్గుపడుతూనే ఒక చరణం కట్టి మొగుడి మీదికి విసిరింది. అది ఇక్కడ రాయదగ్గది కాదు. ఈసారి సూరన్నే తలగుడ్డతో ముఖం కప్పుకున్నాడు.

ఆ తరువాత ముప్పై ఒక్క ఏళ్లు ఈ వృత్తిలో ఉన్నాను. ముసలివాళ్ల మోకాళ్లు చాలా చూశాను. వేడీ వాపూ ఉన్నంతవరకు పడుకోబెట్టాలి, అవి దిగిన రోజునుంచి కదిలించాలి. మోకాలితోపాటు తొడను కూడా కొలవాలి. ఎంత కదిలించాలన్నది మర్నాటి ఉదయం చెబుతుంది, రోగి ఉత్సాహం కాదు, వైద్యుడి భయం కూడా కాదు. "విశ్రాంతి" అని రాసిన ప్రతిచోటా ఎన్ని రోజులో పక్కనే రాయాలి. నా కింద పనిచేసిన డ్రెస్సర్లు రోజులు రాయకుండా తెచ్చిన చీటీని నేను సంతకం చేయకుండా తిప్పి పంపేవాణ్ణి.