తోక లేని చేప

మా అక్క మొగుణ్ణి ఊరంతా దుర్భిణి మాస్టారంటారు. ఆయన మాస్టారేం కాదు, కళ్ళద్దాల షాపు నడుపుతాడు. నలభై ఏళ్ళుగా జనానికి దగ్గరి చూపు సరిచేస్తూ, తను మాత్రం దూరాన్ని పోగేశాడు. యుద్ధకాలంలో ఓడల మీద వాడిన దుర్భిణులు, మొత్తం అరవై మూడు. అక్క బట్టలుండాల్సిన బీరువాలో అవే ఉంటాయి. ఒక్కోటి ఇటుకంత బరువు. వాటిలో పెద్దదానితో నేను డాబా మీంచి చూస్తే రెండు మైళ్ళ అవతల ఓ చీమ మీసం దువ్వుకుంటూ కనిపించింది. ఎడమ మీసం. నమ్మకపోతే మీ ఇష్టం. తొమ్మిదో క్లాసులో లెక్కల సారూ నన్ను నమ్మలేదు, అందుకే ఆ బడికి నేనే సెలవిచ్చేశాను.

బావ వాటిని సరదాకి పోగెయ్యలేదు. వాళ్ళ నాన్న యుద్ధంలో ఓడ మీద కాపలా నావికుడు. బావకి మూడేళ్ళప్పుడు డెక్కు మీదే తూటా తగిలి పోయాడు. ఓడ తిరిగొచ్చింది. ఆయన దుర్భిణిని ఇంకెవరి మెడలోనో వేశారు. ఇంటికి మిగిలింది ఒక్క ఉత్తరం. ఫొటో కూడా లేదు. "దుర్భిణి చెయ్యి జారి పడింది, కుడి గొట్టం అంచు సొట్టపోయింది. ఎవడూ మార్చెయ్యకుండా కళ్ళు ఆనే చోట మేకుతో చేప బొమ్మ గీశాను. వచ్చాక పిల్లాడికి చూపిస్తాను" అని అందులో ఉంది. నాన్న మొహం ఆనిన చోట తన మొహం ఒక్కసారి ఆనించాలి. బావకి ఉన్న కోరికల్లా అదే.

నా పని లోహం మీద మిషనుతో అక్షరాలు చెక్కడం. బహుమతి కప్పులు, తలుపుల మీద పేర్లు. నా అంతవాడు నాలుగు జిల్లాల్లో లేడు. ఆ సంగతే ఓ రోజు బావ షాపులో చెబుతుంటే, ఆయన పదిమంది ముందు, "వీడి మాటలో సగం కొట్టెయ్యండి, మిగతా సగం మరిచిపోండి" అన్నాడు. అంతా ఒకటే నవ్వు. అందులో మా అక్క కూడా ఉంది.

సరే అనుకున్నాను. వేరే ఊరి సంతలో ఓ ముసలి దుర్భిణి కొన్నాను. కుడి అంచు మీద సుత్తితో ఒక్కటిచ్చాను. కళ్ళ దగ్గర ఇత్తడి మీద చక్కటి చేపని చెక్కాను, పొలుసులతో సహా. టీ డికాషన్‌లో మూడు రోజులు నానబెట్టి, బావ చేతిలో పెట్టాను.

ఆయన నవ్వుతూ అందుకున్నాడు. చేపని చూశాడు. స్టూలు మీద కూలబడి, దుర్భిణిని మొహానికి ఆనించుకుని గంటసేపు తియ్యలేదు. ఎదురుగా ఉన్నది గోడ. నేను వెనక గదిలోకి పోయి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాను.

ఏడాది గడిచింది. నేనిచ్చిన దుర్భిణిలో గాజు మసకబారింది. లోపల వెలుగుని మలుపు తిప్పే గాజు దిమ్మలుంటాయి, వాటికి బూజు పట్టింది. ఈ దుర్భిణుల పిచ్చివాళ్ళకో పద్ధతుంది, పనికిమాలినదాన్ని కోసి పనికొచ్చేదానికి అతుకుతారు. పాత సామాన్ల వాడు తెచ్చిన సొట్టల దుర్భిణి ఒకటి బావ ఆ లెక్కనే కొన్నాడు. దాని కళ్ళ దగ్గర రబ్బరు తొడుగు కరిగి అతుక్కుపోయింది.

"నాన్న కళ్ళకి ఆపరేషన్‌రా" అంటూ దాని దిమ్మలు పీకాడు. అవి నాదాంట్లో పట్టలేదు. కళ్ళద్దాలు అరగదీసే చక్రం మీద పెట్టి నాలుగు వైపులా అరగదీసి కూర్చోబెట్టాడు. నేను ఖాళీ డొక్కుని స్పిరిట్‌తో తుడుస్తున్నాను. రబ్బరు ఊడొచ్చింది. కింద నాలుగు గరుకు గీతలు. చేప. తోకకి చోటు చాల్లేదు. కుడి అంచున సొట్ట.

జన్మలో ఒక్కసారైనా నిజం రుచి చూద్దామనిపించింది.

"బావా, నీ దగ్గరున్నది దొంగది. దాని మీద చేప నేను చెక్కిందే. అసలుది ఇదిగో."

"సగం కొట్టేశాను" అన్నాడు నవ్వుతూ.

"అక్క మీద ఒట్టు."

నవ్వాగింది. కంటికి భూతద్దం తగిలించుకుని ముందు నా చేపని చూశాడు. మిషను గీతకి అంచు నున్నగా ఉంటుంది. ఏడాదిగా రోజూ ముద్దు పెట్టుకున్నాడుగాని, ఏనాడూ అద్దం పెట్టి చూడలేదు. ఆయన పెదాలు తెల్లబడ్డాయి.

"అది పోనీ బావా, ఇది చూడు!"

తోక లేని చేపని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఈసారి మేకుతో గీశావా? పని నేర్చావురా."

"కాదు బావా! ఇది నిజంగానే..."

"అదీ ఇలాగే ఇచ్చావు. పైగా ఏడాదంతా నా ఎదురుగా కూర్చుని టీ తాగావు."

"వాడు ఒట్టేశాడు కదండీ" అంది అక్క గుమ్మంలోంచి.

"ఇప్పుడేసిన ఒట్టు ఏ చేపకే?" అన్నాడు బావ. రెండింటినీ తుక్కు డబ్బాలో పడేసి, చేతులు కడుక్కుని, బయట కాచుకున్న ముసలామెకి అక్షరాల అట్ట చూపించడానికి వెళ్ళిపోయాడు. "పై వరస చదవండమ్మా" అంటున్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

చక్రం కింద తొట్టిలో నీళ్ళు తేరుకున్నాయి. అడుగున తెల్లగా గాజు పొడి. అక్క నావైపు చూడకుండా తొట్టి ఎత్తుకెళ్ళి కాలవలో పారబోసింది.