ఆమె ముట్టని రొట్టె

మా బైబిలమ్మ పోయిందన్న కబురు నాకు కోదాడలో కూతురింట్లో ఉండగా అందింది. ఎస్టీడీ బూతు అతను ఇంటికొచ్చి చెప్పాడు. నేను నమ్మలేదు. ఫోన్ చేసిందెవరు, గొంతు ఎట్లా ఉంది అని గుచ్చి గుచ్చి అడిగాను.

"మీ సూర్యాపేట చర్చీ వాళ్లేనండీ. చావు కబురు గూడా అబద్ధం చెప్తారా పెద్దాయనా?" అని విసుక్కున్నాడు. అప్పుడు బస్సెక్కాను.

అనుమానం నా పుట్టుగుణం. దానివల్ల ఆమెకు నేను చేసిన అన్యాయం ఒకటుంది. నలుగురిలో లేచి మాట్లాడలేను. అందుకే రాస్తున్నాను.

ఆమె మా సూర్యాపేట చర్చి సంఘంలో బైబిలు స్త్రీ. ఇంటింటికీ పోయి వాక్యం చదివేది. ఎవరింటికి పోయినా ముందు పొయ్యి వైపు చూసేది. పొయ్యి వెలగకపోతే బైబిలు సంచిలోనే ఉంచి, తన ఇంటికి పోయి బియ్యం తెచ్చేది.

నేను మార్కెట్లో హమాలీని, సంఘంలో పెద్దను. నెలకోసారి మాకు ప్రభు బల్ల ఉంటుంది, యేసు చివరి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. ముందు రోజు శనివారం పెద్దలం కూర్చుని, ఎవరు తాగారో, ఎవరు కొట్లాడారో, బల్లకు ఎవరు తగరో పాస్టరుగారికి చెప్పేవాళ్లం. నేను తక్కువ మాట్లాడేవాణ్ణి. కానీ శనివారం నా దగ్గర పేర్లుండేవి.

మా సంఘపు పిల్ల ఒకామె మిర్యాలగూడలో హిందువుల ఇంటికి కోడలుగా పోయింది. బల్ల ఆదివారం మాత్రం తప్పకుండా వచ్చేది. మా సంఘంలో బొట్టు పెట్టుకోరు. ఆమె నుదురూ బోసిగానే ఉండేది. కానీ మధ్యలో చర్మం రుద్దినట్టు కందిపోయి కనిపించేది. ఒకసారి లారీ వెంట మిర్యాలగూడ రైసుమిల్లుకు పోయినప్పుడు ఆమె వీధికి వెళ్లి, ఎదురు టీకొట్టు దగ్గర నిలబడ్డాను. నేను రెండు టీలు తాగేసరికి ఆమె వాకిట్లోకి వచ్చింది. నుదుట ఇంత కుంకుమ బొట్టు.

శనివారం చెప్పేశాను. ఆదివారం ఆమెను వెనక కూర్చోబెట్టారు. రొట్టె పళ్లెం ఆమె దాకా పోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఆ రోజే ఇంకొకటి చూశాను. పళ్లెం తన ముందుకొస్తే బైబిలమ్మ ముట్టకుండా పక్కామెకు అందించింది. మరుసటి నెలా అంతే. మూడో నెలా అంతే.

బల్ల ముట్టలేదంటే లోపల పాపం దాచుకున్నట్టే అని మా లెక్క. "ముసల్ది ఏం జేసిందో ఏమో!" అని బోరింగు కాడ గుసగుసలు. కొందరు ఆమెను గడప తొక్కనియ్యడం మానేశారు. నేను ఆమె ఎటు పోతుందో, సంచిలో ఏముందో కనిపెట్టసాగాను. చివరికి మిగతా పెద్దలు ఆమెను పని మానిపించాలన్నారు. పాస్టరుగారికి ఆ మాట నన్నే చెప్పమన్నారు.

ముందు ఆమె ఇంటికి పోయాను. చేటలో బియ్యం ఏరుతోంది.

"ఏం తమ్మీ, నా సంచి సూసేటందుకు వచ్చినవా? గాడ మేకుకున్నది, సూస్కో."

నా తల వంగిపోయింది. "అక్కా, బల్ల ఎందుకు ముడ్తలేవు?"

"నువ్వు సంఘ పెద్దవా, బస్సుల టికెట్లు చెక్ జేసేటోనివా?" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. "ఇంట్ల ఒక బిడ్డను పస్తు పెట్టి తల్లి ఎట్ల తింటది? నాకు ముద్ద దిగుతలేదు. గంతే."

"ఆమె బొట్టు పెట్టుకున్నది. నేను కండ్లార సూసిన."

"సూసినవ్. బొట్టు లేకుంటే కొడుక్కు కీడైతదని అత్త వణుకుడు సూసినవా? ఈమె బస్సుల కొంగుతోని తుడ్సుకుంట ఏడ్సుడు సూసినవా? అది తప్పో ఒప్పో నాకు గూడ తెల్వదు తమ్మీ. తెలిసినాయన ఒక్కడున్నడు. తీర్పు ఆయన పని. మన పని పళ్లెం అందిచ్చుడు."

"మరి ఇంతమంది నిన్ను అనుమానిస్తుంటే చెప్పొద్దా?"

"చెప్తే, నీ చాడితోనే గిట్లయిందని అందరు నీ మీద పడ్తరు. అప్పుడు సిగ్గుతోని నువ్వు బల్ల ముట్టవు. ఇంకొకడు పస్తు."

ఆ శనివారం నేను పాస్టరుగారితో ఒకే మాట అన్నాను. తప్పు నాదని, ఆ పిల్లకు బల్ల ఇవ్వమని. నా గొంతు నాకే వినపడలేదు. మరునాడు పళ్లెం వెనక వరస దాకా పోయింది. ఆ పిల్ల తిన్నాకే బైబిలమ్మ చెయ్యి చాపింది.

నా అనుమానం చచ్చిపోయిందని చెప్పను. ఇప్పటికీ శనివారమొస్తే పేర్లు నాలుక మీదికొస్తాయి. మింగేస్తాను.

మొన్న శవపెట్టె మూసే ముందు ఆ మిర్యాలగూడ ఆమె వచ్చింది. ఈసారి బొట్టు తుడుచుకోలేదు. మరిచిపోయిందా, కావాలనే ఉంచుకుందా అని నా బుద్ధి అప్పుడు కూడా తొంగి చూసింది. ఆమె వంగి, తన నుదురు బైబిలమ్మ నుదుటికి ఆనించి ఏడ్చింది. లేచేసరికి బైబిలమ్మ నుదుట కుంకుమ అంటుకుని ఉంది.

అందరూ చూశారు. ఎవరో నా మోచేయి పొడిచి "తుడువు పెద్దాయనా" అన్నారు. నా చెయ్యి జేబులో రుమాలు దాకా పోయి, అక్కడే ఆగింది.

పెట్టె మూత దించుతుంటే చివరిదాకా నాకు కనపడింది ఆ ఎర్ర మరకే.