బోథ్ గుట్టకు నాలుగో జవాబు

ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. కింద ఫలానా మలుపులో ఏదో కనిపించిందని మనుషులు పైకి ఉరికొస్తే, టార్చి పట్టుకుని కిందికి పోయేది నేనే. ప్రతిసారీ దొరికింది వదులైన వైరో, ఊగుతున్న బల్బో. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, మొహమాటమూ లేదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో దయ్యం ఉందని కూడా అనడం లేదు. ఏముందో తెలియకే రాస్తున్నాను.

మేముండేది మంచిర్యాల దగ్గర కాలనీలో. నాకున్న ఒకే ఒక వ్యసనం హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని ఇంట్లోనే సెట్టు పెట్టుకుని దూరాన ఉన్న తోటి హాములతో మాట్లాడే సరదా. లైసెన్సు పరీక్ష నాడు పక్క కుర్చీలో కూర్చున్న సదానందం, బడి పంతులు, అప్పటినుంచీ నాకు తమ్ముడి లెక్క. ఇద్దరం మోర్స్‌లోనే ముచ్చట పెట్టుకుంటాం, చుక్కలూ గీతలుగా ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ.

మనిషి మనిషికీ చేతిరాత వేరైనట్టే మోర్స్ కొట్టే చేతిదీ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. నాది మరీ విడ్డూరం. సెలవు చెప్పేటప్పుడు కొట్టే చివరి గీత ఒక పట్టాన ఆగదు. "అన్నా, నీ గీత గోదారి దాటినంకనే ఆగుతది" అని సదానందం ఎక్కిరిస్తాడు. మాటల్లో దీర్ఘాలు తీసేవాడికి చేతిలో మాత్రం పొదుపు ఎక్కడినుంచి వస్తుంది.

పోయినేడు అతను చేతిలో పట్టే సెట్టు కొన్నాడు. టిఫిన్ డబ్బా అంత. బ్యాటరీ, ఏరియల్ తీగ, అన్నీ కలిపి భుజం సంచిలో పడతాయి. బలం అయిదు వాట్లు. నాది వంద వాట్లు, బరువులో గ్రైండరుకు అన్న. దాన్ని గుట్ట ఎక్కించాలంటే ఒక మనిషి కావాలి, నా మోకాళ్లను ఎక్కించడానికి ఇంకో ఇద్దరు.

"ఎట్లున్నదన్నా?" అని ఆ సెట్టు నా చేతిలో పెట్టాడు. "పిల్లల బొమ్మ లెక్కున్నది" అన్నాను. ఇంటికొచ్చి ఫోన్లో ఆ బొమ్మ ఫోటోలే చూస్తూ కూర్చున్నాను. అతని సెట్టు అయిదు వాట్లదే. నా కుళ్లు మాత్రం వంద వాట్ల మీద నడిచింది.

అంతటితో చల్లారేదే. కానీ అతను గుట్ట మాట ఎత్తాడు.

బోథ్ దాటాక ఒక గుట్ట ఉంది. దాని మీదినుంచి అప్పటిదాకా ఏ హామూ పలకలేదు. దాన్ని సదానందానికి చూపించింది నేనే. మొదట పలికేది నేనేనని పదేళ్లుగా చెప్పుకుంటూ వచ్చిందీ నేనే. మావాళ్లలో ఒక ఆట ఉంది. గుట్ట ఎక్కి కనీసం నలుగురితో రేడియోలో మాట్లాడితేనే ఆ గుట్ట నీ పేరున ఎక్కుతుంది. ముగ్గురే దొరికితే ఊరికే ఎక్కి దిగినట్టు.

"ఐతారం ఎక్కుతున్నన్నా. ఎవలు దొరకకున్నా నువ్వైతే ఉంటవు గదా."

"ఉంట" అన్నాను.

ఆదివారం పొద్దున నేను చేసిన మొదటి పని, కీని సెట్టు నుంచి ఊడదీసి అల్మారాలో అగ్గిపెట్టెల పక్కన పెట్టడం. కీ అంటే మోర్స్ కొట్టే మీట. అది లేకుంటే వినొచ్చు, పలకలేం. అది ముందుంటే నా చెయ్యి ఆగదని తెలిసే ఆ పని చేశాను.

పది దాటాక వినిపించాడు, సన్నగా. ఒకరు దొరికారు. ఇద్దరు. ముగ్గురు. ఆ తర్వాత ఎవరూ లేరు. అప్పుడు నా కాల్ సైన్, అంటే రేడియోలో నా పేరు, పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ పేపరు అంచున పెన్సిలుతో రాసుకున్నాను: పది నలభై రెండు, సిగ్నల్ మూడు మూడు తొమ్మిది. పిలుపు ఎంత బాగా అందుతోందో చెప్పే అంకెలవి.

ఎదురుగా గోరుచిక్కుడు తుంచుతున్న మా ఆవిడకు మోర్స్ రాదు. ఏళ్ల తరబడి విని విని నా కాల్ సైన్ లయ మాత్రం పట్టేస్తుంది.

"గది నిన్నే గదా పిలుస్తుండు. పలుకవేందయ్యా?"

"సిగ్నల్ మంచిగ లేదు."

"నాకే ఇనవడుతుంది. నీకేమాయె?"

పదకొండు సార్లు పిలిచాడు. పన్నెండోది వినే ధైర్యం లేక సెట్టు ఆపేసి, వాకిట్లో మొక్కలకు నీళ్లు పోశాను. ముందు రోజు వానకు అవి తడిసే ఉన్నాయి.

సాయంత్రం సదానందం బండి నేరుగా మా ఇంటి ముందే ఆగింది. ప్యాంటు నిండా గడ్డి ముళ్లు, చేతిలో ఒక కార్డు. రేడియోలో మాట్లాడుకున్నామని రుజువుగా మావాళ్లు రాసిపెట్టుకునే కార్డు అది. అందులో నా కాల్ సైన్ ఉంది. సమయం పది నలభై అయిదు. నేను ఇచ్చినట్టుగా రాసిన సిగ్నల్ రిపోర్టు మూడు మూడు తొమ్మిది. నా సంతకం ఒక్కటే తక్కువ.

"పానం నిలవెట్టినవన్నా. బ్యాటరీ అయిపోవట్టింది. గప్పుడు నువ్వన్న మాట..." అంటూనే ఫోన్లో రికార్డు చేసింది వినిపించాడు.

అతని పిలుపు. వెనకే నా కాల్ సైన్, రిపోర్టు. తర్వాత మా పద్ధతిలో తెలుగు: గుట్ట నీదే తమ్మీ. ఆపైన సెలవు. చివరి గీత ఆగలేదు.

లేచి అల్మారా తీశాను. కీ అగ్గిపెట్టెల పక్కనే ఉంది.

పెన్ను పట్టుకున్నాను. సంతకం పెడితే అయిపోయేది. ఎవరో అన్న మంచి మాట నా పేరున ఎక్కేది. చెయ్యి రాలేదు.

"తమ్మీ, పలికింది నేను గాదు" అన్నాను. కీ ఊడదీయడం, మొక్కలకు నీళ్లు, అన్నీ చెప్పాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి వింటోంది. అవునన్నట్టు తలూపింది.

"పదకొండు సార్లూ ఇన్నవా?"

"ఇన్న."

కార్డు చేతిలోకి తీసుకున్నాడు. "మరి గిదెవలన్నా?" అని, దాన్ని బల్ల మీద పెట్టి లేచాడు. "పలికినోడు వస్తే సంతకం పెట్టియ్యి."

నా చేతి తీరు తెలిసి ఎవరైనా ఆట పట్టించారేమోనని ఆలోచించాను. అంత బాగా తెలిసినవాడు ఒక్కడే, అతను గుట్ట మీదున్నాడు. అతనే కట్టుకథ అల్లాడనుకుందామన్నా, మూడు మూడు తొమ్మిది అని రాసిన పేపరు మా ఇంట్లో, నా కళ్లజోడు కింద ఉంది. ఎటు లెక్కేసినా తెగలేదు.

రెండు నెలలు మాటల్లేవు. తర్వాత ఒక ఆదివారం ఇంకో గుట్ట మీదినుంచి నా కాల్ సైన్ వినిపించింది. మొదటి పిలుపుకే పలికాను. అటునుంచి రిపోర్టు రాలేదు, ప్రశ్న వచ్చింది: నువ్వేనా అన్నా?

ఇప్పటికీ ప్రతిసారీ ముందు అదే అడుగుతాడు. నేనే అని కొడతాను. కార్డు మాత్రం సంతకం లేకుండా అల్మారాలోనే ఉంది. సదానందం సెట్టు చూస్తే నాకిప్పుడు ఏమీ అనిపించదు. నా చేత్తోనే, నేను అనలేని మాట నాకంటే ముందు అనేసి పోయినవాడెవడో, వాడంటేనే కుళ్లు.