పుట్టిన ఊరి కాగితం

నా బిడ్డ పోయి ఇరవై రెండు రోజులైంది. డెంగీ జ్వరం. దవాఖానలో నాలుగు రోజులు ఉంది, ఐదో రోజు లేదు. పందొమ్మిదేళ్లు. చేవెళ్లలో ఆట ఆడేవాళ్లు, చూసేవాళ్లు, మీలో చాలామంది దాన్ని మట్టిలో పెట్టిన నాడు వచ్చారు. "మంచిగ ఆడేది, కాని సొంత జట్టును విడిచిపోయింది" అని ఎవరో మెల్లగా అనడం విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే సర్దుకొని చదవండి.

నా బిడ్డ నడిచే పిల్ల కాదు, ఉరికే పిల్ల. టమాట తోటలో కుళ్లిన కాయ కనబడితే చాలు, కాలితో ఎగరేసేది. "కూరగాయలతోని ఆటలేందే?" అని వాళ్ల నాన్న కసిరితే, "కుళ్లినయే గద బాపు, మంచియి నీకే ఉంచిన" అని నవ్వేది. మ్యాచ్ ఉన్న రోజు అన్నం ముట్టేది కాదు, రెండు అరటిపండ్లు, అంతే. బూట్ల లేసులు ఎడమది ముందు కట్టాలి. మరిచిపోయి కుడిది కట్టిందంటే విప్పి మళ్లీ మొదలు. "బంతి ఎవ్వరిదీ కాదమ్మా, ఉరికినోళ్లది" అనేది.

మేముండేది చేవెళ్ల మండలం. ఆమె చిన్నప్పటి నుంచీ ఆడింది చేవెళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో. నా పుట్టిల్లు మాత్రం మొయినాబాద్ మండలం. తొలిచూరు కాన్పు పుట్టింట్లోనే చేస్తారు కదా, అలా నా బిడ్డ పుట్టిన కాగితం మీద మొయినాబాద్ పేరు పడింది. బడిలో చేర్పించాక ఆ కాగితం పెట్టెలోనే పడి ఉంది.

రెండేళ్ల కిందట మండలాల పోటీలకు రూలు మార్చారు. అంతకుముందు ఉండే మండలం తరఫునే ఆడాలి. చదువులకని బయట ఉండే పిల్లలకు అన్యాయం అవుతోందని, పుట్టిన మండలం తరఫున ఆడినా సరే అన్నారు. ఇంకేముంది, జట్లు నడిపేవాళ్లంతా పుట్టిన కాగితాలు వెతకడం మొదలుపెట్టారు. మొయినాబాద్ జట్టును నడిపేది మా తమ్ముడే. ఓ రోజు మా ఇంటికొచ్చి, బండి దిగుతూనే, "అక్కా, కోడలు పిల్ల మా మండలంలనే పుట్టింది గద! కాగితం ఇయ్యి, జర మన పరువు నిలబెట్టు" అన్నాడు.

"దాన్ని అడగొద్దారా?"

"అడిగేదేందక్కా, తల్లివి నువ్వు చెప్తె వినదా?"

పుట్టింటి నుంచి వచ్చి నన్ను ఒకటి అడిగారన్న దానికే పొంగిపోయాను. కాగితం తీసి ఇచ్చాను. సాయంత్రం బిడ్డకు చెప్తే దాని ముఖం మాడిపోయింది. "నేను పుట్టుడే ఆడ పుట్టిన. ఆట నేర్చింది ఈడ. నన్ను పంపకే అమ్మా" అంది. "మామ మాట తీసేస్తవా? నా పుట్టింటోళ్ల ముందల నన్ను చిన్న చేస్తవా?" అన్నాను. మర్నాడు బూట్ల సంచి భుజానికేసుకుని మామ బండెక్కింది.

ఫైనల్ ఆ రెండు మండలాలకే పడింది. పడిన ఒక్క గోలూ నా బిడ్డే కొట్టింది, సొంత స్నేహితుల మీద. కొట్టి తల వంచుకుని వెనక్కి నడిచింది. ఆట అయ్యాక చేవెళ్ల కెప్టెన్ పిల్ల వచ్చి, "ఎవరు పొమ్మన్నరే నిన్ను?" అని నిలదీసింది. నేను పక్కనే నీళ్ల సీసా పట్టుకుని ఉన్నాను. నా బిడ్డ నా వైపు చూడను కూడా చూడలేదు. "ఎవ్వరు పొమ్మనలే. నేనే పోయిన" అంది. నేను నోరు విప్పలేదు.

మరుసటి ఏడు రూలు మళ్లీ మారింది. ఒకసారి ఏ మండలానికి ఆడితే ఇక ఎప్పటికీ ఆ మండలానికే. సందు మూసేశారు, నా బిడ్డ అవతలే ఉండిపోయింది. మామ ఎన్నిసార్లు పిలిచినా మళ్లీ పోలేదు. బూట్లు పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండు.

దినాల నాడు ఆ కెప్టెన్ పిల్ల వచ్చింది. వంటింట్లోకి పిలిచి మొత్తం చెప్పాను. "ఇప్పుడు చెప్తున్నవా పెద్దమ్మా? రెండేండ్లు దానితోని మాట్లాడలే మేము. గప్పుడే చెప్తే ఇట్ల చేస్తుంటిమా?" అని ఏడ్చింది. మీకు కూడా చెప్తున్నాను, విడిచిపోయింది నా బిడ్డ కాదు. పంపింది నేను.

నిన్న సాయంత్రం గ్రౌండ్ దగ్గరికి వెళ్లాను. పిల్లలు ఆడుతున్నారు. కెప్టెన్ నన్ను చూసి ఆగిపోయింది. ఆమె వదిలేసిన బంతి గీత దాటి, దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర నిలిచింది. అందరూ ఇటే చూస్తున్నారు. వంగి రెండు చేతులతో ఎత్తుకున్నాను. దుమ్ము కొట్టుకుని, ఎండకు వెచ్చగా ఉంది. ఇమ్మని ఎవరూ అడగలేదు. బంతి ఉరికినోళ్లది కదా, నేనే నడిచిపోయి కెప్టెన్ చేతిలో పెట్టాను.