తీసెయ్యని పాత లైను

ఏలూరులో నాది కంప్యూటర్ల షాపు. ఆఫీసులకు మెయిల్ కూడా పెట్టిస్తాను. కైకలూరులో రొయ్యల్ని పరీక్షించే ఒక ల్యాబ్ మెయిల్‌ను కొత్త సర్వర్‌కి మార్చింది నేనే.

వారం తిరగకుండా యజమాని ఫోన్ చేశాడు. భీమవరంలోని ఫ్యాక్టరీకి రిపోర్టులు అందడం లేదట. రిపోర్టు చూడందే వాళ్లు ఏ చెరువు సరుకూ కొనరు.

వెళ్లాను. రిపోర్టులు పంపే ఆవిడ కంప్యూటర్ నుంచి యజమానికి ఒక మెయిల్ కొట్టాను. క్షణంలో వచ్చింది. ఒకే సర్వర్‌లో మెయిల్ అటూ ఇటూ తిరిగితే ఏం తెలుస్తుంది? వంటింట్లోంచి హాల్లోకి కేకేసి ఊరంతా వినపడిందనుకోవడమే. అయినా పెద్దమనిషిలా చెప్పాను.

“సర్వర్‌లో ఏం లేదండీ. అడ్రస్ కొట్టడంలో తేడా వస్తోందేమో చూసుకోండి.”

యజమాని ఆవిడ వైపు తిరిగాడు. “ఇంకోసారి ఇలాగైతే వేరేవాళ్లని చూసుకోవాల్సొస్తుందమ్మా.” ఆవిడ తల వంచుకుంది.

మర్నాటి నుంచి రిపోర్టులు ప్రింటు తీసుకుని రోజూ బస్సులో భీమవరం వెళ్లి ఇచ్చేదట. పది రోజుల తర్వాత నాకొక ఫొటో పంపింది. ఫ్యాక్టరీలో ఎవరినో బతిమాలి, వాళ్ల స్పామ్‌లో పడివున్న తన మెయిల్ వివరాలు ఫొటో తీసింది. “ఇదేంటో నాకు తెలీదండీ. మీకేమన్నా పనికొస్తుందేమోనని” అని రాసింది.

చూడగానే తప్పు నాదేనని తెలిసిపోయింది. మన పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్‌కుందో చెప్పే ఎస్పీఎఫ్ లైను, ఇంటర్నెట్ అడ్రసుల పట్టిక లాంటి డీఎన్ఎస్‌లో ఒక్కటే ఉండాలి. నేను కొత్తది రాసి, ఎందుకైనా మంచిదని పాతదీ ఉంచాను. రెండుంటే రెండూ చెల్లవు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, నాకిది తెలియనిది కాదు.

పాత లైను తీసేశాను. సాయంత్రానికి రిపోర్టులు అందాయి. యజమానికి ఫోన్ చేసి “ఇప్పుడు సరిపోయిందండీ” అన్నాను. ఎందుకు చెడిందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, సిగ్గు మింగేసింది.

ఫోన్ ఆవిడకిచ్చాడు.

“చాలా థాంక్సండీ. అడ్రస్ ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టేదాన్నండీ. అయినా ఎక్కడ తప్పు చేశానో తెలీలేదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టానండీ, ఏమనుకోకండి.”

“పర్వాలేదండీ” అన్నాను.