గట్టు దిగని గుర్రం

టీవీకి తగిలించుకునే ఆ వీడియో ఆట పెట్టెను మా ఆయన నాకోసమని కొన్నాడు. కొనేవాళ్ళంతా అలాగే అంటారనుకుంటాను. "ఆ కోచింగ్ సెంటర్లో పొద్దస్తమానం ఫిజిక్సు చెప్పి చెప్పి నీ మొహం ఎలా తయారైందో అద్దంలో చూసుకున్నావా? ఆదివారం పూటైనా కాసేపు ఆడుకో," అన్నాడు. తీరా పెట్టె ఇంటికొచ్చాక వారం పాటు టీవీ ముందు నుంచి ఆయన లేవలేదు. కొండ మీంచి పడి చచ్చాడు, తోడేళ్ళు కరిచి చచ్చాడు, విసుగెత్తి మళ్ళీ తన క్రికెట్టు తను చూసుకున్నాడు. ఆ తర్వాత కంట్రోలరు నా చేతికొచ్చింది.

ఈ ఆటలో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ఒక గుడిసె తలుపు తెరుచుకుని మన మనిషి బయటికొస్తుంది. ఎదురుగా కనుచూపు మేర పచ్చిక, దాని వెనక కొండలు, కొండల మీద పాడుబడ్డ కోట. అంతే. ఎటు చూస్తే అటు పోవచ్చు. దూరంగా కనిపించే ఆ కొండ ఉత్త బొమ్మ కాదు, నడిస్తే నిజంగా దగ్గరకొస్తుంది. ఎక్కవచ్చు. పైనుంచి చూస్తే బయలుదేరిన గుడిసె అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. చిన్నప్పుడు బడివాళ్ళు మమ్మల్ని కనిగిరి కొండ ఎక్కించారు. పైకెళ్ళాక అందరూ కోట గోడలు చూస్తుంటే నేను మా ఊరు ఎటువైపుందా అని వెతుక్కున్నాను. ఈ ఆటలో కూడా మొదట చేసిన పని అదే.

గోడ అడ్డొస్తే ఎక్కు. ఏరు అడ్డొస్తే ఈదు. తలుపు మూసి ఉంటే చుట్టూ తిరిగి కిటికీ చూసుకో. దారి లేదు అన్న మాట ఈ ఆట తయారుచేసిన వాళ్ళకు తెలియనే తెలియదు. ఆడినవాళ్ళంతా అబ్బ, ఎంత స్వేచ్ఛ అని ఇంటర్నెట్లో మురిసిపోతూ రాస్తుంటారు. నాకు మాత్రం మొదట కలిగింది ఒళ్ళుమంట.

ఎందుకో చెప్పాలంటే ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. కోట ద్వారానికి తాళం ఉంది. ఆ తాళంచెవి ఎక్కడో దొరుకుతుంది, వెతుక్కోవాలి. నేను వెతకని చోటు లేదు. గుహలు దూరాను, చెట్లెక్కాను, వానలో జారిపోయే బండల మీద పాకాను. గుడిసె పక్కనే ఒక చేను ఉంది. నడుమెత్తు పైరు, బంగారు రంగులో, గాలికి ఊగుతూ. అందులో ఒక రైతు పార పట్టుకుని ఎప్పుడూ ఒకే చోట తవ్వుతుంటాడు. పలకరిస్తే "ఈ ఏడు పంట బాగుంది" అంటాడు. ఎప్పుడు పలకరించినా అదే. మా వైపు ఏ రైతు నోటివెంటా నేను ఆ మాట వినలేదు. బ్రహ్మాండంగా పండినా "ఏదో, ఫరవాలేదు" అనే అంటారు. ఆ ఒక్క మాటతోనే ఈ ఆట రాసినవాళ్ళు చేను ముఖం చూడలేదని తెలిసిపోయింది. పైరుకు సాళ్ళు లేవు, నీటికాలువ లేదు, హద్దురాయి లేదు. అయినా ఆ చేను చుట్టూ గట్టు ఉంది. ఆటలో దొరికిన గుర్రం మీద నేను ఎటు వెళ్ళినా ఆ గట్టు మీంచే తిరిగి వెళ్ళేదాన్ని.

ఒకరోజు మా ఆయన వెనక నిలబడి టీ తాగుతూ చూశాడు. "ఎందుకలా చుట్టూ తిరుగుతావు? అడ్డంగా పో."

"పైరుంది కదండీ."

ఆయన గుంటూరు బ్రాడీపేటలో పుట్టి బ్రాడీపేటలో పెరిగిన మనిషి. మిరపకాయను పచ్చడిలో తప్ప చెట్టున చూసింది తక్కువ. నా చేతిలోంచి కంట్రోలరు లాక్కుని గుర్రాన్ని నేరుగా పైర్లోకి దూకించాడు. చేను నడిమధ్యలో ఒక పాత దిగుడుబావి ఉంది. అడుగున మెట్టు మీద తాళంచెవి మెరుస్తోంది. "నెలరోజులుగా నువ్వు దీని చుట్టే తిరుగుతున్నావే తల్లీ," అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దాను. పాపం ఆయనకు ఆ కోపం దేనికో అప్పుడు అర్థం కాలేదు.

మా ఊరు చిలకలూరిపేట దాటాక, నల్లరేగడి నేలల్లో ఉంది. పత్తి, మిరప తప్ప మరో పంట పెద్దగా తెలియని ఊరు. నడక వచ్చిన దగ్గర్నుంచీ పిల్లలకు అక్కడ నేర్పే మొదటి మర్యాద ఒకటే, నిలిచి ఉన్న పైరు తొక్కకూడదు. చేను ఎవరిదైనా సరే, మాటలు లేని శత్రువుదైనా సరే. బంతి పైర్లో పడితే సాలు వెంబడి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. మిరపకాయలు ఆరబోసిన కల్లంలోకి చెప్పులు విప్పి అడుగుపెట్టేవాళ్ళం. ఇదేదో గొప్ప ధర్మమని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. తొక్కితే వీపు పగిలేది, అంతే.

నాన్న పోయాక అమ్మే సేద్యం చేసింది. మా చేను రోడ్డు పక్కది కాదు. ముందు మా పెదనాన్న చేను, దాని వెనక మాది. రెండింటికీ పక్కగా డొంక ఉండేది, ట్రాక్టరు పోయేంత బండ్లదారి. అది ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. కానీ దాని చివర ఉన్నది మా చేను ఒక్కటే. అందువల్ల దాని అవసరమూ మాకొక్కళ్ళకే.

నాన్న పోయిన మరుసటి ఏడు, వానలు పడ్డాక, పెదనాన్న తన చేనుతో పాటు డొంకను కూడా దున్నించేశాడు. మిరప నారు నాటించాడు. ముళ్ళకంచె వేసి ఉంటే పీకి పారేసేవాళ్ళం. గోడ కట్టి ఉంటే పదిమందిని పిలిచి పడగొట్టేవాళ్ళం. ఆయన నారు నాటాడు. అమ్మ చూసేసరికి మొక్కలు బతికి నాలుగాకులు వేశాయి.

ఫోన్లో నేను గొంతు చించుకున్నాను. "పీకెయ్యమ్మా!"

"పైరు ఏం పాపం చేసిందే? ప్రాణం పోసుకున్నాక పీకుతామా? పంట ఇంటికి రానీ, అడుగుతాను," అంది.

పంట ఇంటికొచ్చాక, ఎండల్లో, అమ్మ వెళ్ళి అడిగింది. నేనూ పక్కనే ఉన్నాను. పెదనాన్న అరుగు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటూ, "దారెక్కడికి పోయిందమ్మా? వెళ్ళి చూడు, ఖాళీగానే ఉందిగా," అన్నాడు. నిజమే, ఖాళీగానే ఉంది. చేలన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఆ రోజుల్లో డొంకతో ఎవరికీ పనిలేదు. అర్జీ పెడితే సర్వేయరు కూడా ఆ ఎండల్లోనే వచ్చాడు. కొలిచి, "డొంక ఉందిగా, ఇదిగో దీనిమీదే నిలబడి ఉన్నాం," అని చెప్పి మజ్జిగ తాగి వెళ్ళాడు. వానలు పడగానే మళ్ళీ నారు పడింది. వేసవిలో దారి, పనికాలంలో పైరు. ఇంత సుఖమైన దొంగతనం నేను ఎక్కడా చూడలేదు.

దారి లేకపోతే మిరప సాగు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు ఏముందిలే అనుకుంటారు. మిరపకు మందు కొట్టని వారం ఉండదు. మందు డబ్బాలు, నీళ్ళ బిందెలు అమ్మ నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచేది. ఆ గట్టు మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. కోతల రోజుల్లో కూలీల ఆటో రోడ్డు మీదే ఆగిపోయేది. "మీ చేనుకొస్తే కోసిన కాయకన్నా మోసిన బరువు ఎక్కువక్కా," అని కూలీలు మొహం మీదే అనేవారు. తప్పు వాళ్ళది కాదు. రాను రాను రావడం మానేశారు. చెట్టునే పండి ఎండిన కాయ మంచుకు తడిసి, రంగుపోయి, ధర పలకని తాలయ్యేది. అమ్మ కూర్చుని ఆ తాలు ఏరి వేరేగా పోసేది. ఆ ఓపికే నాకు అరికాలి మంట.

మూడో ఏడు నేను తెగించాను. సెలవు పెట్టి వెళ్ళి, పక్క ఊరి నుంచి ట్రాక్టరు మాట్లాడుకొచ్చాను. మా కల్లంలో బస్తాలు కట్టి ఉన్నాయి, మబ్బు పట్టింది. పెదనాన్న ఊళ్ళో లేడు. కుటుంబంతో సహా సింగరాయకొండ గుడికి వెళ్ళాడు. కాపలాకు ఒక్క మనిషినైనా పెట్టలేదు. అది చూసి నాకు సంబరమేసింది. ఎందుకు పెట్టలేదో కాసేపట్లోనే తెలిసింది.

డొంక మొదట్లో, ఎర్రగా కాయ వేలాడుతున్న మొక్కల ముందు, డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"పోనీయ్," అన్నాను.

"పైరుందక్కా."

"అది డొంక. పైరు కాదు. మా దారి."

"దారేనక్కా, నేను కాదన్లా. చిన్నప్పట్నించీ ఈ డొంకలోనే తిరిగినోణ్ణి. కానీ కాయ మీదున్న చెట్టు మీదికి టైరు ఎక్కించమంటే నా వల్ల కాదు. నాకూ చేనుంది." సీటు దిగి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

నేను స్కూటరు తప్ప తోలి ఎరగను. అయినా ఆ ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాను. అప్పుడు అమ్మ వచ్చి టైరు ముందు నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. "దిగవే," అంది. "రేపు ఈ ఊళ్ళో నేను తలెత్తుకు తిరగాలా వద్దా? బావగారు చేసింది తప్పే. పైరు తొక్కిన పీడ మాత్రం మనకొద్దు."

దిగాను. చినుకులు మొదలయ్యాయి. డ్రైవరు, అమ్మ, నేను ముగ్గురం గట్టు మీద జారుతూ మోయగలిగినన్ని బస్తాలు మోశాం. మిగతావి తడిశాయి. పెదనాన్న ప్రసాదం పట్టుకొచ్చి మా ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు, లడ్డూ, పులిహోర. ఆయన్ని దొంగ అంటే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. మా అందరి మంచితనం మీదా ఆయనకు అంత నమ్మకం. మా మర్యాదనే కంచెగా పాతుకున్న మనిషికి వేరే కాపలా ఎందుకు?

ఆ ఏడే చేను అమ్మేశాం. దారిలేని చేనును కొనేదెవరు? పెదనాన్నే కొన్నాడు. ధర ఆయన చెప్పిందే. అమ్మ గుంటూరొచ్చి మాతో ఉంటోంది. వచ్చిన కొత్తలో డాబా మీద కుండీల్లో మిరప వేసింది. ఒక కాపు చూసి, "దీనికి ఎంత నీళ్ళు పోసినా అక్కడి కారం రాదు," అని వదిలేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఈ ఆట మా ఇంటికొచ్చింది.

అందుకే ఈ ఆట గురించి నన్ను ఎవరైనా అడిగితే చప్పట్లు కొట్టలేను. చాలా అందంగా ఉంది, కాదనను. పొద్దు వాలే వేళ ఆ పచ్చిక మీద నీడలు సాగుతుంటే ఊపిరి ఆగినట్టుంటుంది. కానీ ఎవరికీ చెందని నేల మీద ఎటు కావాలంటే అటు తిరగడం ఏం స్వేచ్ఛ? అక్కడ అడ్డు పెట్టే పెదనాన్న లేడు, టైరు ముందు నిలబడే తల్లి లేదు, తడిసిపోయే బస్తా లేదు. గుర్రం పైర్లోంచి వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే వంగిన మొక్కలన్నీ మళ్ళీ లేచి నిలబడి ఉంటాయి. నష్టమే లేని చోట దారి వెతుక్కోవడం పిల్లల పని. అలా విసుక్కుంటూనే ప్రతి ఆదివారం ఆడతాను.

మొన్న చుట్టాల పెళ్ళికని అమ్మ ఊరెళ్ళి వచ్చింది. మధ్యాహ్నం నేను ఆడుతుంటే పక్కన కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"మీ పెదనాన్న డొంక వదిలాడే," అంది.

నేను ఆట ఆపాను.

"వదలడమేంటి, చదును చేయించి మట్టి తోలించాడు. రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా పోవచ్చు."

"ఎందుకు వదిలాడో తెలుసా నీకు?"

"తెలీకేం? లోపలి చేనుకు ఆయన ట్రాక్టరు పోవాలిగా ఇప్పుడు." ఒక కాయ ఈనె తీసి గిన్నెలో వేసింది. "చివరిదాకా నడిచొచ్చాను. ఎంత హాయిగా ఉందనుకున్నావు నడవడానికి! కాలికి ఒక్క ముల్లు తగల్లేదు."

ఆ మాటలో కోపం ఉందేమోనని ఆమె మొహంలోకి చూశాను. లేదు. డొంక బాగుపడిందన్న సంతోషమే ఉంది. అది చూసేసరికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏం చెయ్యాలో తెలియక ఆట మళ్ళీ మొదలుపెట్టి, గుర్రాన్ని ఆ బంగారు చేను వైపు తిప్పి, ఉన్న వేగమంతా పెట్టి పైర్లోకి తోలాను. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి. మొక్కలు వంగాయి, లేచాయి. మళ్ళీ తోలాను. పార పట్టుకున్న రైతు ఈ ఏడు పంట బాగుంది అన్నాడు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. టీవీ వైపు చూసింది.

"అదేంటే? గట్టుండగా పైర్లోంచి ఎందుకూ? పాపం, ఎవరిదో ఏమో."

ఎవరిదీ కాదమ్మా, అది ఉత్త ఆట అని చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే నా బొటనవేలు గుర్రాన్ని గట్టు ఎక్కించేసింది.