వాగు అంచున అక్క వదిలిన పడావు

మొన్న మృగశిర వానకు మా అన్న చేను దున్నడానికి కొత్త ట్రాక్టర్ డ్రైవర్ వచ్చాడు. వాగు అంచున బండి మలుపుకుంటూ, పక్కన మా అక్క చేనులో విత్తకుండా వదిలిన జాగా చూసి, "గింత మంచి రేగడి పడావు పెట్టిండ్రేంది సారూ? కంది ఏస్తే మనిషెత్తు రాదా?" అని అడిగాడు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ ఇంటికి వచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ముక్క సంగతి మా పిల్లలు తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నారు. దిష్టి భూమి అని ఒకరు, అత్తకు ఓపిక లేదని ఇంకొకరు. ఇప్పుడు రాసిపెట్టకపోతే ఆ మాటలే నిజమై కూర్చుంటాయి. నేను పదో తరగతి గట్టెక్కలేదు గానీ మా మండల గ్రంథాలయంలో అట్టలూడిన పుస్తకాలను కూడా వదలకుండా చదివినవాణ్ణి. వాటిలో రాజులు రాజ్యాలు పంచుకున్న కథలు బోలెడున్నాయి, చెలక పంచుకున్న కథ ఒక్కటీ కనపడలేదు. ఆ లోటు నేనే తీరుస్తున్నాను.

తెలంగాణ వచ్చాక, కొత్త పట్టా పుస్తకాలు ఇస్తారన్న మాట ఊళ్ళో తిరుగుతున్న రోజుల్లో, మా బాపు భూమిని మూడు భాగాలు చేయమన్నాడు. మా భూమి బాట పక్కన ఎర్ర చెలకగా మొదలై, కిందికి దిగేకొద్దీ నల్లబడి, వాగు దగ్గర రేగడి అవుతుంది. పడమటి పక్కన గుట్టను ఆనుకుని ఉత్త రాళ్ళు, వాటి మధ్య సీతాఫలం చెట్లు. మేము ముగ్గురం: అన్న, అక్క, అందరికంటే చిన్నవాణ్ణి నేను. బావ పోయాక అక్క పుట్టింటికి వచ్చేసింది. అప్పటినుంచి ఆ చేనులో కలుపూ కోతా ఆమెవే. మా ఇంటి పద్ధతి ఏమంటే, పెద్దకొడుకు భాగాలు వేయాలి, చిన్నవాళ్ళు ముందు ఏరుకోవాలి, వేసినవాడు మిగిలింది తీసుకోవాలి.

అన్న తాడు పట్టి, సున్నం పోసి భాగాలు వేశాడు. చెలకా రేగడీ కలిసిన మంచి భాగాలు రెండు. మూడోది గుట్ట కింది రాళ్ళు. అది ఎవరి కోసమో చెప్పనక్కరలేదు. అక్క ఆ రాళ్ళవైపు చూసి కొంగు సర్దుకుంది. పెద్దమనిషిగా వచ్చిన మేనమామ వేపచెట్టు కింద బీడీ ముట్టించి, "జల్ది తెగనియ్యుండ్రి, నా కోస్గి బస్సు పోతాంది" అన్నాడు.

"చిన్నోడా, తూర్పుది తీస్కో" అన్నాడు అన్న నాతో.

"నా ఎనుక అక్క ఏరుకుంటది గదా?"

"ఆడివిల్లకు ఏరుకునుడేంది? ఇచ్చింది తీస్కునుడే."

ఆడపిల్లకూ సమాన హక్కుందని గ్రంథాలయంలో చదివి, కంఠతా పట్టి వచ్చిన చట్టం మొత్తం అప్పజెప్పాను. అన్న ముఖం ఎర్రబడింది. "నేను బడి మానేసి నాగలి పట్టినందుకే గదరా నువ్వు బుక్కులు పట్టినవ్! చట్టమంటవా, పా, కోర్టుల చూస్కుందాం." అతను బడి మానేసింది నిజం. కోర్టు మాట వినగానే మామ బీడీ పారేసి లేచాడు.

అక్క మెల్లగా అంది: "అన్నా, నువ్వు నాగలి పట్టినవ్, నేను కొడవలి పట్టిన. గా రాళ్ళది మంచిగుంటే నాకేం ఫికర్ లేదు. మరి నువ్వు తీస్కుంటవా?"

అన్న నావైపు తిరిగి మళ్ళీ తూర్పుకే చెయ్యి చూపాడు. "అక్క ఏరుకోకుంటే నేనూ ఏరుకోను" అని నేను గెట్టు మీద కూలబడ్డాను. అంతసేపూ గడ్డపారకు ఆనుకుని నిలబడ్డ బాపు అప్పుడు నోరు తెరిచాడు. "ఏసినోడు ఆఖరుకు. నీ చెల్లె నీకన్న చిన్నదే గదరా. రాళ్ళది నువ్వు తీస్కుంటవా, మల్ల ఏస్తవా?"

అన్న తాడును నేలకేసి కొట్టాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళిపోతే ఇక మా ముగ్గురం ఒకే గడప తొక్కడం ఉండదని అక్కడ అందరికీ తెలుసు. కానీ అన్న వంగి, తాడు తీసి, సున్నం గీతలను కాలితో చెరిపాడు. "పాయె నా బస్సు" అంటూ మామ మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి అన్న బాట నుంచి వాగు దాకా నిలువుగా మూడు పట్టీలు వేశాడు, గుట్ట పక్కదాన్ని రాళ్ళకు తగ్గట్టు వెడల్పు చేసి. నేను తూర్పుది, అక్క నడిమిది ఏరుకున్నాం. అన్నకు గుట్ట పక్కది మిగిలింది.

ఆ రోజు నుంచి అన్న అక్కతో మాట్లాడలేదు. ఒకరికి జ్వరమొస్తే దవాఖాన కబురు కూడా నా నోటి మీదుగానే ఇంకొకరికి చేరేది. పైన ఎంత వెడల్పున్నా, వాగు వంపు తిరిగే చోట అన్న పట్టీ సన్నగిల్లుతుంది. మొదటి ఏడు ట్రాక్టర్ అక్కడ మలగలేక బాట దాకా వెనక్కి వెనక్కి వచ్చింది. అక్క చేనులోకి ఒక్క తిప్పు తిప్పితే సరిపోయేది. కానీ "జర జాగియ్యి చెల్లె" అనాలి కదా, అనలేదు. "మీ అన్న ఎనక్కి నడుసుడు మంచిగ నేర్చుకుంటుండు" అని అక్క నవ్వింది. మరుసటి ఏడు ఆమె కంది విత్తింది గానీ, వాగు అంచున బండి మలిగేంత జాగా వదిలేసింది. ఎవరికీ చెప్పలేదు. అన్న ట్రాక్టర్ అక్కడికొచ్చి ఇంజన్ ఆపకుండా చాలాసేపు నిలబడింది. తర్వాత మలిగింది. ఆ ఏడు సీతాఫలాల కాలంలో, గుట్ట పక్క చెట్ల కాయలు గంపెడు అక్క గడపలో ఉన్నాయి. ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటారు, మరీ ఎక్కువేం కాదు.

మా కోసం బస్సు పోగొట్టుకున్న మేనమామకు, తలుపులు మూసే వేళ దాటినా నన్ను లేపని గ్రంథాలయం అమ్మకు, తెలియక అడిగిన డ్రైవర్‌కు, ఇదంతా చదివి వినిపిస్తే "నేను గట్ల అన్ననా?" అని మళ్ళీ నవ్విన అక్కకు, "రాస్కోపో" అన్న అన్నకు నా దండాలు. బాపు ఇప్పుడు లేడు. ఆయన ఆ రోజు పాతిన హద్దురాళ్ళు ఒక్కటీ కదల్లేదు. ట్రాక్టర్లు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ పెద్దవవుతున్నాయి, అక్క విత్తకుండా వదిలే జాగా కూడా వాటితోపాటే పెరుగుతోంది.